నల్లమలలో వన్యప్రాణుల లెక్క రాసేవారికి

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో గానీ, కృష్ణకు తెలంగాణ వైపున్న అమ్రాబాద్‌లో గానీ వన్యప్రాణి టెక్నీషియన్‌గా చేరినవారికి మొదటి నెలలోనే ఒక సంగతి తెలిసివస్తుంది. అడవిలో నడిచే గంటల కంటే, అడవి నుంచి వచ్చిన మెమరీ కార్డులనూ ఫారాలనూ జీపీఎస్ బిందువులనూ ముందు పెట్టుకుని కూర్చునే గంటలే ఎక్కువ. బీటు (అటవీ శాఖ గస్తీలో అతి చిన్న విభాగం) అధికారి, జాడలు పట్టే చెంచు ట్రాకరు, బేస్ క్యాంపు సిబ్బంది కళ్లారా చూసినదాన్ని, ఆ రోజు అక్కడ లేని మనిషి పదేళ్ల తర్వాత చదివినా నమ్మగలిగేలా రాసి నిలపడమే ఈ ఉద్యోగం. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ జారిపోతుందో ఈ అడవిలో నేర్చుకున్నంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాను.

లెక్క తప్పితే ఏమవుతుందో ముందుగా తెలుసుకోవాలి. 1966లో ఒడిశాలో సరోజ్ రాజ్ చౌధురి రూపొందించిన పాదముద్రల పద్ధతిలోనే మన దేశం దశాబ్దాల పాటు పులులను లెక్కించింది. ప్రతి పులి పాదముద్రనూ విడిగా గుర్తుపట్టగలమన్న నమ్మకం మీద ఆ పద్ధతి నడిచింది. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగలలేదని తేలింది. అంతకు కొద్దికాలం ముందు దాకా కాగితాల మీద మాత్రం అక్కడ పులులు ఉన్నాయి. ఆ దెబ్బతో పద్ధతి మారింది. 2006 నుంచి నాలుగేళ్లకోసారి కెమెరా ట్రాపులు (జంతువు ఎదురుగా కదిలితే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు), పాదముద్రలూ పెంటికల వంటి గుర్తుల సర్వేలు, గణాంక నమూనాలు కలిపి దేశవ్యాప్త అంచనా వేస్తున్నారు. 2006లో 1,411గా వచ్చిన అంచనా 2022 నాటికి 3,682కు చేరింది. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3,48,58,623 ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 76,651. అంటే దాదాపు 450 ఫొటోలకు ఒక పులి ఫొటో అన్నమాట. మిగిలిన ఫొటోలన్నిటినీ ఎవరో ఒకరు చూసి, వేరు చేసి, రాసి పెట్టారు. ఆ ఎవరో ఒకరు మీరే.

అడవిలో కెమెరా బిగించేటప్పుడు

సమాచారం నాణ్యత కంప్యూటరు ముందు కాదు, కెమెరాను చెట్టుకు కట్టే చోటే తేలిపోతుంది. జాతీయ గణనలో అడవిని 2 చదరపు కిలోమీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో దారికి ఇరువైపులా ఒక జత కెమెరాలు పెడతారు. జత ఎందుకంటే, పులి కుడి పక్క చారలకూ ఎడమ పక్క చారలకూ పోలిక ఉండదు. రెండు పక్కలూ ఒకేసారి దొరికితేనే ఆ జంతువును పూర్తిగా గుర్తించినట్టు. కెమెరాలను మోకాలి ఎత్తున, అంటే నేల నుంచి 40–45 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, ఒకదాని ఫ్లాష్ ఇంకొకదాని కంట్లో పడకుండా కొంచెం పక్కకు జరపాలి. ముందున్న గడ్డినీ కొమ్మలనూ తీసేయాలి. లేకపోతే గాలికి ఊగే గడ్డిపరకే వేలకొద్దీ ఫొటోలు తీయించి కార్డును నింపేస్తుంది. ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ నేరుగా లెన్సులో పడే దిక్కుకు కెమెరాను తిప్పకూడదు.

కెమెరా ఆన్ చేయగానే మొదటి ఫొటో ఒక పలకది కావాలి. ఆ పలక మీద కేంద్రం (కెమెరాల జత పెట్టిన చోటు) సంఖ్య, కెమెరా సంఖ్య, తేదీ, చేతి గడియారంలోని సమయం రాసి, లెన్సు ముందు పట్టుకోవాలి. కెమెరాను విప్పేటప్పుడు కూడా ఇదే చేయాలి. ఎంతో చిన్న పనిగా కనిపించే ఈ అలవాటు ఎంత విలువైనదో నాకు నా తప్పు వల్లే తెలిసింది. తొలి వేసవిలో ఒక కెమెరాలో బ్యాటరీలు మార్చాక తేదీ మొదటికి వెళ్లిపోయింది. ఫొటోల మీద ఎన్నో ఏళ్ల క్రితం నాటి జనవరి 1 పడింది. నేను లెక్క వేసి, తేడాను నేరుగా అసలు ఫైళ్లలోనే సరిచేశాను. రెండు నెలల తర్వాత పలక ఫొటో చూస్తే నా సవరణే ఒక రోజు తేడాగా ఉంది, అప్పటికి అసలు తేదీలు పోయాయి. ఆ కేంద్రంలోని నెల రోజుల నమోదులను విశ్లేషణ నుంచి తీసేయవలసి వచ్చింది. అప్పటి నుంచి నేను పాటించే నియమం ఒకటే. కెమెరా చెప్పిన తేదీ ఒక నిలువు వరుసలో అలాగే ఉండాలి, సరిచేసిన తేదీ పక్క వరుసలో ఉండాలి, ఎందుకు సరిచేశామో మూడో వరుసలో ఒక వాక్యం ఉండాలి.

ఫొటోల సంఖ్య ఎంతన్నది ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు. ఎంత ప్రయత్నానికి అన్ని ఫొటోలు వచ్చాయన్నది దాని పక్కన ఉండాలి. 40 కేంద్రాలు 30 రాత్రులు పనిచేస్తే 1,200 ట్రాప్ రాత్రులు. అందులో మూడు కేంద్రాలు 18 రాత్రుల తర్వాత ఆగిపోయి ఉంటే, ఒక్కో కేంద్రానికి 12 చొప్పున 36 రాత్రులు పోయి 1,164 మిగులుతాయి. కెమెరాను ఏనుగు లాగేసిందా, కోతి తిప్పేసిందా, దొంగ పట్టుకుపోయాడా అన్నది కథ కోసం కాదు, ఈ తీసివేత కోసం రాయాలి. నల్లమలలో ఏనుగులు లేవు గానీ చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అభయారణ్యంలో పనిచేసేవారికి ఆ కారణం కూడా వాస్తవమే.

నడిచిన దారి, కనిపించని జంతువు

శాకాహార జంతువుల సాంద్రత కోసం తిన్నని గీత మీద నడుస్తూ చేసే లైన్ ట్రాన్సెక్టులో కొత్తవారు ఎక్కువగా తప్పులు చేస్తారు. కావలసింది మన నుంచి జంతువుకు ఉన్న దూరం కాదు, మనం నడిచే గీతకు జంతువు లంబంగా ఎంత దూరంలో ఉందన్నది. అందుకే మూడు అంకెలు రాయాలి: నడిచే దిశ, జంతువున్న దిశ, రేంజ్‌ఫైండర్ (దూరాన్ని కొలిచే పరికరం) చూపిన దూరం. నడిచే దిశ 40 డిగ్రీలు, దుప్పుల గుంపు ఉన్న దిశ 70 డిగ్రీలు, దూరం 60 మీటర్లు అయితే, కోణం 30 డిగ్రీలు. దాని సైన్ విలువ సగం కాబట్టి లంబ దూరం 30 మీటర్లు. ఈ లెక్క అడవిలో చేయనక్కర లేదు, కానీ మూడు అంకెలూ అక్కడికక్కడే రాయాలి. గుంపు విషయంలో మొదట కనిపించిన జంతువును కాక గుంపు మధ్యభాగాన్ని గురిపెట్టి కొలవాలి. దూరాలను 10, 50, 100 అంటూ గుండ్రం చేయకూడదు. ఫారాల్లో 50 మీటర్లు అన్న అంకె మళ్లీ మళ్లీ కనిపిస్తే, రేంజ్‌ఫైండర్ సంచిలోనే ఉండిపోయిందని అర్థం. అలాంటప్పుడు సిబ్బందిని నిందించే ముందు పరికరం పనిచేస్తోందో లేదో, దాన్ని వాడడం వారికి ఎవరైనా నేర్పారో లేదో అడగాలి.

ఏమీ కనిపించని నడకనూ రాయాలి. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని మాట. రెండు కిలోమీటర్లు నడిచి ఒక్క గుర్తూ దొరక్క వెనక్కి వచ్చిన బీటు అధికారికి ఖాళీ ఫారం ఇవ్వడం నామోషీగా అనిపిస్తుంది, కొందరు ఆ ఫారాన్ని అసలు ఇవ్వరు. కానీ సున్నా రాసిన ఫారం ఒక నమోదు. ఫారమే లేకపోతే అక్కడ జంతువు లేదో, మనిషే వెళ్లలేదో ఎవరూ చెప్పలేరు. పులుల అభయారణ్యాల్లో గస్తీ నమోదుకు వాడే ఎం–స్ట్రైప్స్ యాప్‌లో గస్తీ దారిని మొదటి అడుగు నుంచే నమోదు చేయమనడం కూడా ఇందుకే. జంతువు కనిపించాక యాప్ తెరిస్తే, ఆ జంతువు దాకా నడిచిన దారంతా లెక్కలోకి రాకుండా పోతుంది.

కలివి కోడి సంగతి ఇక్కడ చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో తిరిగి దొరికింది. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట తిరిగే, మనిషి అలికిడికి దాక్కునే ఈ పక్షిని కళ్లతో వెతకడం కష్టం కాబట్టి, పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలు పరిచి, తెల్లవారాక వాటి మీది అడుగుల కోసం చూశారు. అడుగులు పడిన పట్టీలనే కాదు, పడని పట్టీలనూ రాసినందువల్ల ఆ పక్షికి ఎంత దట్టమైన పొదలు కావాలో, మరీ దట్టమైనా మరీ పలచనైనా ఎందుకు పనికిరాదో తెలిసింది. తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసం మీదికి వచ్చినప్పుడు, ఆ నమోదులు చేతిలో ఉండబట్టే కాలువ దారి మార్చమని అడగగలిగారు, మార్పించగలిగారు.

పేరు రాసే చోట

ఊళ్లో ‘పులి వచ్చింది’ అంటే అది చిరుత కావచ్చు. అందుకే మనవాళ్లు తేడా చెప్పాలనుకున్నప్పుడు ‘పెద్దపులి’ అంటారు. దుప్పి అంటే కొందరికి చుక్కల దుప్పి మాత్రమే, కొందరికి కణితి కూడా దుప్పే. ఆ కణితినే కణుజు అనే ఊళ్లున్నాయి. కొండగొర్రె అన్న మాటను నాలుగు కొమ్ముల జింకకూ వాడతారు, మొరిగే జింకకూ వాడతారు. మనుబోతు, రేచుకుక్క, దుమ్ములగొండి, అలుగు వంటి పేర్లలో ఇంత గందరగోళం లేదు. దీనికి పరిష్కారం స్థానిక పేర్లను తీసేయడం కాదు. చెప్పిన మనిషి నోటి మాటను ఒక వరుసలో ఉన్నదున్నట్టు రాసి, మీరు నిర్ధారించిన శాస్త్రీయ నామాన్ని పక్క వరుసలో రాయాలి. చుక్కల దుప్పికి ఆక్సిస్ ఆక్సిస్, కణితికి రూసా యూనికలర్, నాలుగు కొమ్ముల జింకకు టెట్రాసెరస్ క్వాడ్రికార్నిస్ అని ఒకే వర్ణక్రమంతో రాయాలి. అందుకు ముందే తయారు చేసుకున్న జాబితాలోంచి ఎంచుకునేలా పట్టికను అమర్చుకుంటే, ఒకే జంతువు నాలుగు రకాల అక్షరాలతో నాలుగు జాతులుగా లెక్కకు రాకుండా ఉంటుంది.

చెంచుల గుర్తింపు మీద నాకు గట్టి నమ్మకం ఉంది. నేల మీది అస్పష్టమైన గుర్తును చూసి అది ఏ జంతువుదో, ఎటు పోయిందో, నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పగల మనుషులు వారు. అయినా ఆ మాటను కూడా ఆధారంతో కలిపి రాయాలి: ఎవరు గుర్తించారు, దేన్ని బట్టి గుర్తించారు, ఫొటో ఉందా, పెంటిక సేకరించామా అన్నవి పక్కనే ఉండాలి. ఎవరి నైపుణ్యం వల్ల ఆ నమోదు వచ్చిందో ఆ మనిషి పేరు మీ కార్యాలయపు రికార్డులో నిలవడం న్యాయం కూడా.

తెలియనిదాన్ని తెలియదని రాయడం ఈ వృత్తిలో గౌరవమైన పని. రాత్రి ఫొటోలో తోక చివర మాత్రమే కనిపిస్తే ‘పిల్లి జాతి, నిర్ధారణ కాలేదు’ అని రాయాలి. అడవిపిల్లి అయి ఉండవచ్చుననుకుని అడవిపిల్లి అని రాసేస్తే, ఆ ఊహ రేపు పటంలో ఒక చుక్కగా మారి నిజంలా కనిపిస్తుంది.

అక్షాంశం రాసే తీరు

జీపీఎస్ పరికరాల అమరికను మొదటి రోజే సరిచూడాలి. ఒకే రేంజిలో ఒకరి పరికరం డిగ్రీలు–నిమిషాలు–సెకన్లు చూపిస్తే, ఇంకొకరిది దశాంశ డిగ్రీలు చూపిస్తుంది. 16 డిగ్రీల 15 నిమిషాల 30 సెకన్లను దశాంశంలో రాస్తే 16.2583. కానీ తొందరలో దాన్ని 16.1530 అని రాసేవారున్నారు. ఆ బిందువు అసలు చోటు నుంచి దక్షిణానికి దాదాపు 12 కిలోమీటర్లు జరిగిపోతుంది, వేరే సెక్షన్‌లో, కొన్నిసార్లు రిజర్వాయరు నీళ్లలో పడుతుంది. నీళ్లలో పడితే అదృష్టమే, తప్పు దొరికిపోతుంది. పక్క బీటులో పడితే ఎవరికీ తెలియదు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 ప్రమాణంలో, దశాంశ డిగ్రీల్లో, ఐదు దశాంశ స్థానాల దాకా రాయడం మంచి అలవాటు. ఐదో స్థానం అంటే నేల మీద సుమారు ఒక మీటరు. భూమిని నిలువు మండలాలుగా (జోన్లుగా) విభజించి స్థానాన్ని మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతి వాడేవారు ఆ మండల సంఖ్యను కూడా తప్పక రాయాలి. నల్లమల 44వ మండలంలోకి వస్తుంది గానీ, 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న ఆదోని వైపు ప్రాంతాలు 43లోకి వస్తాయి. మండలం తప్పితే బిందువు వందల కిలోమీటర్లు ఎగిరిపోతుంది.

వారానికోసారి కొత్త బిందువులన్నిటినీ పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో బీటు సరిహద్దుల పటం మీద వేసి చూడాలి. ఫారంలో రాసిన బీటు పేరూ, బిందువు పడిన బీటూ ఒకటి కాకపోతే, రాసిన మనిషికి ఆ వారంలోనే ఫోన్ చేయాలి. ఆరు నెలల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

కార్యాలయంలో

కార్డు చేతికి రాగానే అందులోని ఫైళ్లను కేంద్రం సంఖ్య, తేదీ పేరుతో ఉన్న ఫోల్డరులోకి కాపీ చేసి, ఆ మూల ప్రతిని చదవడానికి మాత్రమే వీలయ్యేలా లాక్ చేయాలి. రెండో ప్రతి వేరే హార్డ్ డిస్కులో, మూడోది వేరే భవనంలో ఉండాలి. ఫొటోల సంఖ్యను కార్డులోనూ ఫోల్డరులోనూ పోల్చి చూశాకే కార్డును ఖాళీ చేయాలి. పట్టికల్లో తేదీని 2024–04–03 అన్న తీరులో, సంవత్సరం ముందుగా రాయాలి. 03/04 అని రాస్తే అది ఏప్రిలో మార్చో ఎక్సెల్ తనకు తోచినట్టు నిర్ణయించుకుంటుంది.

ఖాళీ ఫొటోలను, మనుషులున్నవాటిని, వాహనాలున్నవాటిని వేరు చేయడానికి మెగాడిటెక్టర్ వంటి సాధనాలు బాగా ఉపయోగపడతాయి. జాతుల వారీగా విడదీయడానికి జాతీయ గణనలో క్యాట్‌రాట్ అనే సాధనాన్ని, పులి చారలను పోల్చడానికి ఎక్స్‌ట్రాక్ట్ కంపేర్‌ను వాడుతున్నారు. ఇవి పని భారాన్ని తగ్గిస్తాయి, తీర్పు మాత్రం మనిషిదే. ప్రతి వంద ఫొటోల్లో కొన్నిటిని, ‘ఖాళీ’ అని సాధనం పక్కన పెట్టినవాటిలో సైతం, స్వయంగా తెరిచి చూడండి. ముంగిసలు, కుందేళ్లు, నేల మీద తిరిగే పక్షులు ఆ కుప్పలోనే దొరుకుతాయి.

పులులను విడివిడిగా గుర్తించేటప్పుడు ఇద్దరు ఒకరికొకరు చెప్పుకోకుండా చూసి, తర్వాత పోల్చుకోవాలి. పక్కటెముకల మీది చారలు, వెనక తొడ, తోక మీది వలయాలు, ఈ మూడింటిలో కనీసం రెండు చోట్ల పోలిక స్పష్టంగా దొరకాలని నేను పట్టుబడతాను. ఎడమ పక్క మాత్రమే దొరికిన పులినీ, కుడి పక్క మాత్రమే దొరికిన ఇంకో పులినీ రెండు పులులుగా లెక్కించకూడదు, అవి ఒకటే కావచ్చు. అలాంటప్పుడు ఏ పక్క ఫొటోల్లో ఎక్కువ పులులు దొరికాయో ఆ పక్కనే లెక్కకు తీసుకుని, రెండో పక్కను విడిగా ఉంచాలి. ఒకే జంతువు కెమెరా ముందు పావుగంట నిలబడితే వచ్చే నలభై ఫొటోలు నలభై నమోదులు కావు. ఒకే కేంద్రంలో ఒకే జాతికి 30 నిమిషాల వ్యవధి దాటితేనే కొత్త నమోదుగా తీసుకోవడం ఎక్కువ మంది పాటించే పద్ధతి. ఏ వ్యవధి తీసుకున్నారో రాసి పెట్టడం ముఖ్యం.

పెంటికల నమూనాల విషయంలో సంచి మీది సంఖ్య, ఫారంలోని సంఖ్య, పట్టికలోని సంఖ్య ఒకటిగా ఉండాలి. చీటీని సంచి లోపల ఒకటి, బయట ఒకటి పెట్టి, పెన్సిల్‌తోనే రాయాలి. ఆల్కహాల్ తగిలితే పెన్ను సిరా కరిగిపోతుంది. తేమ పీల్చే సిలికా జెల్ వేసి, ఎండ తగలకుండా దాచాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ వంటి ప్రయోగశాలలో డీఎన్ఏ ఎంత బాగా తీసినా, చీటీ చెరిగిపోయిన నమూనాకు చోటూ తేదీ ఎవరూ ఇవ్వలేరు.

ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు

పులి తిరిగే నీటి కుంట అక్షాంశం వేటగాడి చేతికి చేరితే, ఆ పులి చావుకు మన పట్టికే దారి చూపినట్టవుతుంది. పులి, అలుగు, నక్షత్ర తాబేలు, కలివి కోడి వంటివాటి కచ్చితమైన స్థానాలను అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు. ఫొటోను వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా ఆలోచించాలి. డాక్యుమెంటుగా పంపిన ఫొటో తన లోపల దాచుకున్న స్థానాన్ని, సమయాన్ని వెంట తీసుకుపోతుంది, వెనకనున్న బండరాయినో మండపాన్నో చూసి చోటును గుర్తుపట్టేవారూ ఉంటారు. జీబిఫ్ వంటి జీవజాతుల బహిరంగ సమాచార భాండాగారాలకు డార్విన్ కోర్ (జీవజాతుల నమోదులకు వాడే ఉమ్మడి పట్టిక తీరు) పద్ధతిలో సమాచారం పంపవలసి వస్తే, ఇలాంటి జాతుల స్థానాన్ని ఒక దశాంశ స్థానానికి కుదించి, అలా కుదించామన్న మాటను కూడా అందులోనే రాయాలి. ఒక దశాంశ స్థానం అంటే సుమారు 11 కిలోమీటర్ల గడి. పరిశోధకుడికి అది చాలు, వేటగాడికి చాలదు.

కెమెరాలో మనుషులు కూడా పడతారు. తేనెకూ గడ్డలకూ వెళ్లే చెంచు స్త్రీలు, పిల్లలు, శ్రీశైలం నడిచివెళ్లే భక్తులు ఆ ఫొటోల్లో ఉంటారు. వారు మనకు ఫొటో దిగలేదు. ఆ ఫొటోలను వేరే ఫోల్డరులో పెట్టి, మనుషులు వచ్చిన సంఖ్య, సమయం మాత్రం పట్టికలోకి తీసుకుని, అధికారిక అవసరానికి తప్ప ఎవరికీ చూపకూడదు. కెమెరాలు బిగించే ముందు దగ్గరలోని పెంటకు (చెంచుల గూడేనికి) వెళ్లి, ఎక్కడ పెడుతున్నామో, ఎందుకు పెడుతున్నామో పెద్దలకు చెప్పి రావడం ఇంకా మంచిది.

సమాచారం ఇచ్చినవారికి ఫలితం తిరిగి చేరాలి. గణన ముగిశాక బేస్ క్యాంపు గోడ మీద అంటించడానికి ఒక్క పేజీ తెలుగులో తయారు చేయండి. ఈ బీటులో ఎన్ని రాత్రులు కెమెరాలు నడిచాయి, ఏయే జంతువులు కనిపించాయి, ఏ నడకలో సున్నా వచ్చింది అన్నవి అందులో ఉండాలి. స్థానాలు మాత్రం అక్కర్లేదు, అవి వారికి మనకంటే బాగా తెలుసు. ఆ పేజీ అంటించిన క్యాంపుల నుంచి తర్వాతి ఏడాది వచ్చిన ఫారాలు శుభ్రంగా ఉండడం నేను చూశాను.

ఈ ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువి. మీరు వెళ్లిపోయే రోజు ముందే తెలుస్తుంది కాబట్టి, ప్రతి నిలువు వరుసకూ అర్థం, ప్రతి సంక్షిప్త గుర్తుకూ విడమర, ఏ ఫైలు ఎక్కడ ఉంది, ఏ కేంద్రం ఏ ఏడాది స్థలం మారింది అన్న వివరాలతో ఒక పత్రం రాయండి. ఆ తర్వాత మీ స్థానంలోకి వచ్చే అమ్మాయికో అబ్బాయికో ఒక కొత్త మెమరీ కార్డు ఇచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా ఆ పత్రం ఒక్కటే చూసి పని పూర్తి చేయమనండి. పక్కన కూర్చుని, వారు ఎక్కడ ఆగిపోయారో గుర్తు పెట్టుకుని, ఆ చోట పత్రాన్ని తిరిగి రాయండి.